మాట్లాడుతున్నాడని వదిలేయకండి

తలకు దెబ్బ తగిలిన మనిషి లేచి కూర్చుంటే, నీళ్లడిగి తాగితే, పక్కనున్నవాళ్లను పేరు పెట్టి పిలిస్తే గండం గడిచిందని అందరం అనుకుంటాం. నెక్కొండ మండలంలో రెడ్లవాడ దారిలో బండి జారినా, అప్పల్‌రావుపేటలో ఇల్లు కడుతూ సెంట్రింగ్ మీద నుంచి పడినా, చుట్టూ చేరినవాళ్ల నోట మొదట వచ్చే మాట ఒకటే: "ఏం కాలే, మంచిగనే మాట్లాడుతుండు. ఇంటికి తీస్కపోయి పండవెట్టుండ్రి." ఈ మాట ప్రాణాలు తీస్తోంది. ఆ మాట అనేవాళ్లకు చెడు ఉద్దేశం లేదు. పుర్రె లోపల ఏం జరుగుతుందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లలో మొదటి వరసలో ఉన్నది నర్సులు, రేపు నర్సులు కాబోయే విద్యార్థులు. ఈ హెచ్చరిక ముఖ్యంగా వాళ్ల కోసం. అయితే ఇంట్లో ప్రతి ఒక్కరూ చదవాలి.

కణత దగ్గర పుర్రె ఎముక చాలా పలుచన. దాని లోపలి ముఖాన్ని ఆనుకుని ఒక ధమని పోతుంది. అక్కడ ఎముక చిట్లితే ధమని తెగి, ఎముకకూ మెదడును కప్పిన గట్టి పొరకూ మధ్య రక్తం పేరుకోవడం మొదలవుతుంది. దీన్నే ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా అంటారు. పెద్దవాళ్లలో పుర్రె మూత బిగించిన పాత్ర లాంటిది. లోపల చోటు పెరగదు. మొదట కాస్త వెన్నుద్రవం పక్కకు తప్పుకుని చోటిస్తుంది. అందుకే మనిషి మామూలుగా ఉన్నట్టే కనబడతాడు. ఆ వెసులుబాటు అయిపోయాక పేరుకున్న రక్తం నేరుగా మెదడును నొక్కుతుంది. అప్పుడు తలనొప్పి ముదురుతుంది, వాంతులవుతాయి, మత్తు కమ్ముతుంది, చివరికి ఊపిరి ఆగిపోతుంది. దెబ్బకూ ఈ దశకూ నడుమ మనిషి బాగానే కనబడే వ్యవధిని లూసిడ్ ఇంటర్వెల్ అని పుస్తకాల్లో చదువుతారు. అది కొందరిలో కొన్ని నిమిషాలే ఉంటుంది, కొందరిలో గంటలు. ఆ లోగా ఆపరేషన్ బల్ల మీదికి చేరిన మనిషి లేచి ఇంటికి నడిచిపోయే అవకాశం చాలా ఎక్కువ. తలదెబ్బల్లో ఇంత బాగా నయమయ్యేవి తక్కువే. అందువల్లే దీన్ని చూస్తూ చూస్తూ చేజార్చుకోవడం క్షమించరానిది.

ఇది పల్లెల్లో, చదువు లేనివాళ్ల మధ్యే జరుగుతుందని అనుకోవద్దు. బ్రిటిష్ నటి నటాషా రిచర్డ్‌సన్ 2009 మార్చి 16న కెనడాలోని మాంట్ ట్రెంబ్లాంట్‌లో మంచు మీద స్కీయింగ్ నేర్చుకుంటూ పడిపోయింది. పైకి గాయమే లేదు. నవ్వుతూ లేచింది, డాక్టరు అక్కర్లేదంది. గంట తిరిగేసరికి తలనొప్పి మొదలైంది. మార్చి 18న చనిపోయింది. వయసు 45. ఆమెకు దేనికీ కొదవ లేదు. ఆ మొదటి గంటల్లో సరైన చోటికి చేరకపోవడం ఒక్కటే లోటు.

ఇక మన నెక్కొండ సంగతి. ఇక్కడి నుంచి సీటీ స్కాన్, న్యూరోసర్జన్ రెండూ ఉన్న చోటికి చేరాలంటే వరంగల్ పోవాలి, ఎంజీఎంకో మరో పెద్దాసుపత్రికో. నర్సంపేటలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది, మంచిదే. కానీ రాత్రి పదకొండింటికి అలంకానిపేటలోనో బొల్లికొండలోనో పడినవాడి దగ్గరికి మొదట వచ్చేది ఏఎన్‌ఎం, ఆర్‌ఎంపీ, 108 సిబ్బంది, ఆ తర్వాత క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సు. న్యూరోసర్జన్ వచ్చేది వీళ్లందరి తర్వాత. ఎప్పుడు పంపాలి, ఎంత తొందరగా పంపాలి అన్న నిర్ణయం వీళ్ల కళ్ల మీద, వీళ్ల చేతిరాత మీద ఆధారపడి ఉంటుంది.

1974లో గ్లాస్గో నగరంలో గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు ఒక కొలబద్ద తయారు చేశారు. అదే గ్లాస్గో కోమా స్కేల్, వార్డుల్లో జీసీఎస్ అంటాం. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. అతి తక్కువ 3, సున్నా లేదు. 8కి పడిందంటే శ్వాసమార్గాన్ని తానే కాపాడుకునే శక్తి మనిషికి పోయిందని అర్థం. ఇది నర్సింగ్ విద్యార్థులందరికీ నోటికొచ్చు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. నా భయమంతా మంచం పక్కన జరిగే దాని గురించే.

మొదటి విషయం, ఒక్క అంకె చెప్పి ఊరుకోవద్దు. "జీసీఎస్ 12" అంటే డాక్టరుకు సగమే తెలిసినట్టు. కళ్లు ఎంత, మాట ఎంత, కదలిక ఎంత, మూడూ విడివిడిగా రాయాలి. ఆ మూడింటిలో కదలిక అంకె మిగతా రెండింటి కన్నా ఎక్కువ చెబుతుంది. ఒక్కసారి చూసిన అంకె కన్నా, అది ఎటు పోతోందన్నదే ముఖ్యం. పదింటికి 15 ఉన్నవాడు పదకొండింటికి 13 అయ్యాడంటే అది చిన్న తేడా కాదు, డాక్టర్ని నిద్ర లేపాల్సిన తేడా. తిడతారని జంకవద్దు. మొదటి రెండు గంటలు అరగంటకోసారి, తర్వాత నాలుగు గంటలు గంటకోసారి, ఆపైన రెండు గంటలకోసారి చూడాలన్నది అనేక దేశాల ఆసుపత్రులు పాటిస్తున్న పద్ధతి. మధ్యలో అంకె తగ్గితే మళ్లీ అరగంట లెక్కకే తిరిగి రావాలి.

రెండోది చెప్పడానికి బాధగా ఉంది, అయినా చెప్పి తీరాలి. తెల్లవారాక చార్టు తీసి చూస్తే రెండింటికి 15, మూడింటికి 15, నాలుగింటికి 15 అని ఒకే సిరాతో, ఒకే వాలుతో, ఒకే ఊపులో రాసినట్టు ఉంటే అది చార్టు కాదు. నలభై మంచాల వార్డుకు ఒక్క నర్సును పెట్టి, అరగంటకోసారి చూడమంటే ఆమె ఏం చేస్తుంది అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పాల్సింది ప్రభుత్వం, ఆసుపత్రి యాజమాన్యాలు. అంతవరకు కూడా, చూడని గడిని ఖాళీగా వదిలేయడమే రోగికి మేలు. ఖాళీ గడిని చూసి తర్వాత వచ్చినవాళ్లు జాగ్రత్త పడతారు. అబద్ధపు 15 వాళ్లను నిద్రపుచ్చుతుంది.

మూడోది మన ప్రాంతానికే సంబంధించింది. నెక్కొండ చుట్టుపక్కల లంబాడా తండాలు చాలా ఉన్నాయి. తండా నుంచి వచ్చిన ముసలమ్మను "ఇది ఏ నెల? ఏ ఆసుపత్రి?" అని పుస్తకపు తెలుగులో అడిగితే ఆమె బిక్కచూపులు చూస్తుంది. వెంటనే మాట దగ్గర 4 అనో 3 అనో రాసేస్తాం. ఆమె మెదడు బాగానే ఉండొచ్చు, మన ప్రశ్నే ఆమెకు అందలేదు. వెంట వచ్చిన మనవడి చేత వాళ్ల భాష గోర్‌బోలీలో అడిగించండి. "నీ పేరేంది? వెంబడి ఎవరొచ్చిండ్రు? పొద్దుగాల ఏం తిన్నవ్?" అని ఇంటి మాటల్లో అడగండి. చెవుడు ఉందేమో, దెబ్బకు ముందు ఎలా మాట్లాడేదో ఇంటివాళ్లనే అడిగి రాసుకోండి. "నా చెయ్యి పట్టుకో" అంటే పట్టుకున్నంత మాత్రాన ఆజ్ఞ పాటించినట్టు కాదు. అరచేతిలో వేలు పెడితే మెదడు దెబ్బతిన్నవాళ్లు కూడా తెలియకుండానే బిగిస్తారు. "ఇప్పుడు వదిలెయ్" అన్నప్పుడు వదిలారా అన్నది చూడాలి.

కంటిపాపలు మరిచిపోవద్దు. టార్చి వేసి రెండూ సమానంగా ఉన్నాయా, వెలుగుకు ముడుచుకుంటున్నాయా చూడాలి. ఒకటి పెద్దదై వెలుగుకు కదలకుండా ఉంటే చాలాసార్లు ఆ వైపే లోపల ఒత్తిడి ఉందని అర్థం. ఇక నిమిషాల లెక్క. శుక్లాల ఆపరేషన్ అయిన ముసలివాళ్లలో పాప ఆకారం ముందే తేడాగా ఉండొచ్చు, అందుకే మొదటిసారి చూసినప్పుడే రాసి పెట్టాలి. రెండు పాపలూ సూదిమొనలంత చిన్నవై, నోట్లో నురగ, ఒంటి నిండా చెమట ఉంటే తలదెబ్బ సంగతి పక్కన పెట్టి పురుగుమందు తాగాడేమో ఆలోచించాలి. పత్తి, మిర్చి పండే ఊళ్లలో ఇది మరవకూడదు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోయి, మాట ముద్దై, ఒంటి మీద ఏ గాటూ లేకుంటే నేల మీద పడుకున్నాడా అని అడగాలి. కట్లపాము కాటు నొప్పి పుట్టించదు, వాపు ఉండదు. మత్తుగా ఉన్న ప్రతి మనిషికీ వేలి చివర సూదితో గుచ్చి షుగర్ చూడాలి. పట్టేది ఒక్క నిమిషం.

బాత్రూములో పడిపోయిన పెద్దవాళ్ల విషయంలో ఇంకో తిరకాసు ఉంది. పడినందువల్ల చెయ్యి పడిపోయిందా, పక్షవాతం వచ్చినందువల్ల పడిపోయారా? మూతి వంకర, ఒకవైపు చెయ్యి వాలడం, మాట తడబాటు ఉంటే "ఆఖరుసారి మంచిగ ఎప్పుడు చూసిండ్రు?" అని సమయం అడిగి రాయండి. రక్తనాళం మూసుకుపోయి వచ్చిన పక్షవాతంలో గడ్డను కరిగించే మందుకు నాలుగున్నర గంటలే గడువు. అది ఇవ్వాలో వద్దో సీటీ స్కాన్ చూశాకే తేలుతుంది. రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్న పెద్దాయన తల గడపకు తగిలినా, అది చిన్న దెబ్బ కింద లెక్క కాదు. అలాంటివాళ్లలో ఒక్కోసారి రక్తం మెల్లమెల్లగా పేరుకుని రెండు మూడు వారాలకు గానీ బయటపడదు. అప్పుడు ఇంటివాళ్లు "వయసు మీద పడ్డది, మతి తప్పిండు" అనుకుంటారు.

అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేవి గురక, కల్లు. తలదెబ్బ తర్వాత పెద్దగా గురక పెడుతున్నాడంటే హాయిగా నిద్రపోతున్నాడని కాదు. నాలుక వెనక్కి జారి ఊపిరి అడ్డుపడుతోందని అర్థం. వార్డులో ఎవరైనా "సిస్టర్, మా నాయిన గుర్రు కొడుతుండు, జర నిద్ర వట్టింది" అంటే పరుగెత్తండి. పడుకోవడం తప్పు కాదు. లేపి చూడకుండా వదిలేయడమే తప్పు. ఇక తాగి పడ్డవాడి సంగతి. వాసన రాగానే "తాగి పన్నడు, పొద్దుగాల దిగుతది" అని మూలకు నెట్టేస్తాం. తాగినవాడే ఎక్కువగా పడతాడు, తాగినవాడికే తల పగులుతుంది. మందు మత్తు గంటగంటకూ తగ్గాలి. తగ్గకుండా పెరుగుతోందంటే అది మందు మత్తు కాదు. స్కాన్ చేసి ఏమీ లేదని తేలే దాకా దాన్ని తలదెబ్బ గానే చూడాలి.

నాడి, బీపీల మాట కూడా ఒకటి చెప్పాలి. బీపీ పెరుగుతూ, నాడి నెమ్మదిస్తూ, శ్వాస లయ తప్పుతోందంటే మెదడు కాండం నలిగిపోతోందని గుర్తు. నూరేళ్ల కిందటే హార్వే కుషింగ్ దీన్ని వివరించాడు. అది ఆఖరి గంట, అక్కడి దాకా ఎదురుచూడకూడదు. అదే బీపీ పడిపోతుంటే? పెద్దవాళ్లలో తలదెబ్బ ఒక్కటే బీపీని అలా పడేయదు. కడుపులోనో, ఛాతీలోనో, తొడ ఎముక దగ్గరో రక్తం పోతోంది. లేదా వెన్నుపాము తెగింది. వెతకాలి. నలిగిన మెదడుకు రక్తం, ఆక్సిజన్ కాసేపు తగ్గినా బతికే అవకాశం బాగా పడిపోతుంది. పైబీపీ 110 కన్నా, ఆక్సిజన్ 90 శాతం కన్నా తగ్గకుండా చూడటం ఏ సర్జన్ లేకుండా కూడా నర్సు చేతనయ్యే పని.

వెన్నుపాము అంటే మన దగ్గర గీత కార్మికులు గుర్తుకు రావాలి. తాటిచెట్టు మీద నుంచి పడిన గౌడన్నను ఇద్దరు చంకల కింద, ఇద్దరు కాళ్ల కింద పట్టుకుని మధ్యలో నడుము వేలాడుతుండగా మోసుకొచ్చే దృశ్యం ఎన్నిసార్లు చూశాం! ఆ మోతలోనే, విరిగిన పూస వెన్నుపామును తెంపేస్తుంది. పడినప్పుడు కదిలిన కాళ్లు ఆసుపత్రికి వచ్చేసరికి కదలవు. తల, మెడ, నడుము ఒకే గీతలో ఉంచి నలుగురు ఒక్కసారిగా దొర్లించి, చెక్క మీదికో తలుపు మీదికో చేర్చాలి. చెట్టెక్కేవాళ్ల కోసం 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అందినవాళ్లు వాటిని దూలానికి తగిలించకుండా నడుముకు కట్టుకోవాలి. అందనివాళ్లకు అందేలా పంచాయతీ అడగాలి.

ఇప్పుడు ఆర్‌ఎంపీలతో ఒక మాట. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది మీరే, ఊరికి మీ మీద నమ్మకం ఉంది. ఆ నమ్మకం మీద నిలబడే అడుగుతున్నాం: తలకు దెబ్బ తగిలినవాళ్లకు డెక్సా అనే స్టెరాయిడ్ సూది వేయకండి. వాపు తగ్గుతుందని ఒకప్పుడు పెద్దాసుపత్రుల్లోనూ స్టెరాయిడ్లు ఇచ్చేవాళ్లు. 2004లో క్రాష్ అనే పెద్ద పరిశోధన ఫలితం వచ్చింది. పదివేల మందికి పైగా తలదెబ్బ రోగులను తీసుకుని సగం మందికి స్టెరాయిడ్ ఇచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. రెండు వారాల్లో స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో 21.1 శాతం, ఇవ్వనివాళ్లలో 17.9 శాతం చనిపోయారు. మేలు చేస్తుందనుకున్నది నూటికి ముగ్గురిని అదనంగా చంపింది. అలాగే గ్లూకోజు సీసా పెట్టకండి. అది వాచిన మెదడులోకి నీరు లాగుతుంది. పెట్టాల్సి వస్తే నార్మల్ సెలైన్. నిద్ర సూది, ఫెనర్గన్ ఇస్తే మత్తు మందుదో మెదడుదో తర్వాత ఎవరూ చెప్పలేరు. డైక్లోఫెనాక్ రక్తస్రావాన్ని పెంచవచ్చు. మీరు చేయగల గొప్ప సాయం 108కు ఫోన్ చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, వాంతి గొంతులోకి పోకుండా చూసి, దెబ్బ తగిలిన సమయం కాగితం మీద రాసి పంపడం. పక్కకు తిప్పేటప్పుడు కూడా మెడను మెలితిప్పకుండా తల, ఒళ్లు కలిపి ఒకేసారి తిప్పాలి.

ఇంటివాళ్లు కూడా వినండి. మత్తుగా ఉన్నవాళ్ల నోట్లో నీళ్లు పోయవద్దు. ఫిట్స్ వస్తే తాళాలు చేతిలో పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం వద్దు. ఐదు నిమిషాలు దాటితే, లేదా తలదెబ్బ తర్వాత ఒక్కసారి వచ్చినా ఆసుపత్రే. చెవిలోంచో ముక్కులోంచో నీళ్లలాంటి ద్రవం కారితే దూది కుక్కవద్దు. పుర్రె అడుగు పగిలిందని అది చెబుతోంది. నర్సింగ్ విద్యార్థులూ, అలాంటివాళ్లకు ముక్కులోంచి గొట్టం వేయకూడదు. మళ్లీ మళ్లీ వాంతులు, పెరిగే తలనొప్పి, కళ్ల చుట్టూ నల్లగా కమలడం, చెవి వెనక కమిలిన మచ్చ, ఎన్నడూ లేని చిరాకు, పిల్లలైతే ఆగని ఏడుపు, పాలు తాగకపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగవద్దు.

"పోలీసు కేసయితది, పైసలెక్కడివి" అన్న భయంతోనే చాలామంది ఆగిపోతున్నారు. గాయపడినవాళ్లకు ముందు వైద్యం, తర్వాతే మిగతావి అని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సాయం చేసి తెచ్చినవాళ్లను వేధించకూడదని 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. ఆరోగ్యశ్రీ ఉండనే ఉంది. ఈ మాటలు క్యాజువాలిటీలో నర్సు నోటి నుంచి వినబడితే కుటుంబం వెనక్కి తిరిగి పోదు.

హెల్మెట్ గురించి ఎక్కువ చెప్పను, లెక్క చెబుతాను. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50,029 మంది. అంటే రోజుకు 137 మంది. వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ 2021 సెప్టెంబర్ 10న హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర బైకు మీద నుంచి పడి నెలకు పైగా ఆసుపత్రిలో ఉన్నాడు. కోలుకున్నాక, తనను బతికించింది హెల్మెట్టే అని సభల్లో చెబుతూ వస్తున్నాడు. మిర్చి సీజన్‌లో కూలీలను కిక్కిరిసి ఎక్కించుకుని పోయే ఆటోలకు, ట్రాక్టర్ ట్రాలీలకు హెల్మెట్ కూడా లేదు. అక్కడ మనుషుల సంఖ్య తగ్గించడమే రక్షణ. అది పోలీసులు, రైతులు, మేస్త్రీలు కలిసి చేయాల్సిన పని.

నర్సింగ్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, జిల్లా వైద్యాధికారులకు విజ్ఞప్తి. న్యూరో పాఠం క్లాసులో అయిపోయిన వారంలోనే విద్యార్థులను రాత్రి డ్యూటీలో క్యాజువాలిటీకి పంపండి, ఒక్కొక్కరి చేత సీనియర్ పక్కన ఉండగా జీసీఎస్ చూపించండి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జీసీఎస్ చార్టు గోడకు ఉండాలి, పనిచేసే టార్చి డ్రాయరులో ఉండాలి. రిఫర్ చీటీ మీద "హెడ్ ఇంజ్యురీ, పై ఆసుపత్రికి పంపడమైనది" అని మాత్రమే రాయడం ఇక ఆపాలి. దెబ్బ తగిలిన సమయం, చూసిన ప్రతిసారీ మూడు అంకెలు, కంటిపాపలు, బీపీ, ఇచ్చిన మందులు రాసి సంతకం పెట్టి 108లో రోగితో పాటు పంపాలి. ఎంజీఎంలో ఆ చీటీ అందుకునే డాక్టరుకు, స్కాన్ ముందు ఎవరికి చేయాలో తేల్చేది అదే.

నెక్కొండ మండలంలో ఏ ఊళ్లో ఎవరి తలకు దెబ్బ తగిలినా, వాళ్లు మాట్లాడుతున్నా సరే, 108కు ఫోన్ చేయండి. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపితే కనీసం 24 గంటలు పక్కన ఒకరు మేలుకుని ఉండి, లేపి పేరడగండి. జవాబు తేడాగా వస్తే ఆ రాత్రే వరంగల్ తీసుకుపోండి.